దేవరాపల్లి బస్సు వెళ్ళిపోయిందా

చోడవరంలో దేవరాపల్లి వెళ్ళే రోడ్డు మీద మా పిండిమిల్లు ఉంది. దాని వెనకే మా ఇల్లు. పక్కన బస్సు షెల్టరు. పగలంతా బియ్యప్పిండి, కారం ఆడించి, సందె వేళకి మిల్లు ఆపేసరికి మోచేతుల దాకా తెల్లగా ఉంటాను. నన్ను మిల్లు గౌరీశంకర్ అంటారు.

తెల్లవారకముందే లేస్తాను. చన్నీళ్ళ స్నానం చేస్తాను. టీ ముట్టను. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గాని, క్రమశిక్షణకి చదువుతో పని లేదు. మా ఇంట్లో నేను గట్టిగా పట్టించిన నియమాలు కొన్ని ఉన్నాయి. ఈ కథకి రెండు చాలు.

ఒప్పుకున్న పని సగంలో వదలకూడదు.

బయల్దేరేవాళ్ళని 'ఎక్కడికి' అని అడగకూడదు.

రెండోది అందరికీ తెలిసిందే. అలా అడిగితే వెళ్ళే పని చెడిపోతుంది. అంతగా తెలుసుకోవాలంటే 'దూరమా?' అంటారు. ఇప్పటి పిల్లలు ఇవేవీ పట్టించుకోరు. నా ఇంట్లో మాత్రం పట్టించుకుంటారు.

మా ఒక్కగానొక్క కూతురు సంధ్యారాణి బీటెక్ చదివి, ఇంట్లోనే ఉండి, కంప్యూటర్ ఆటల గురించి తెలుగులో వీడియోలు చేస్తుంది. నాకు మొదట కంపరంగా ఉండేది. కత్తులు, రాక్షసులు, మంత్రగాళ్ళు... ఇదేం పని? కానీ పని పట్ల దానికి శ్రద్ధ ఉంది. పొద్దున్నే కూర్చుంటుంది. అనుకున్నది పూర్తిచేసి గాని లేవదు. అందుకని ఊరుకున్నాను.

మొన్న కార్తీకంలో ఒక పెద్ద వీడియో మొదలుపెట్టింది. ఒక ఆటలో మరిచిపోలేని సైడ్ క్వెస్ట్‌లు వెతికి చూపించాలట.

"సైడ్ క్వెస్ట్ అంటే ఏటే?" అన్నాను అన్నం తింటూ.

"పెద్ద కథ రాక్షసరాజుని సంపడం నాన్నా. అది అందరూ చేస్తారు. దారిలో చిన్న చిన్న మనుషులుంటారు. మేక తప్పిపోయినోడు. కాలిపోయిన కోటకి ఇంకా కాపలా కాస్తున్న సిపాయి. వాళ్ళు ఏదో చిన్న పని అడుగుతారు. చెయ్యకపోయినా ఆట ఆగదు. చేస్తే ఒక కథ బయటికొస్తాది."

"మరి రాజుని సంపేవాడి కన్నా మేకని వెతికినవాడే గొప్పోడు కదా."

"అబ్బో! నాన్న గేమర్ అయిపోతన్నాడమ్మా," అంది వాళ్ళమ్మతో. మా ఆవిడ చిన్నతల్లి నవ్వి నా కంచంలో మజ్జిగ పోసింది.

నాలుగు రోజులు పోయాక మధ్యాహ్నం మిల్లు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"నాన్నా, ఎవరికీ దొరకంది ఒకటి దొరికింది! ఒక రేవు. అక్కడో ముసలమ్మ. 'పడవ వెళ్ళిపోయిందా?' అంటాది. ఎన్నిసార్లెళ్ళినా అదే మాట. అందరూ 'లేదు, వస్తాది' అని సెప్పి వెళ్ళిపోతారు. నేను 'ఎక్కడికి?' అని అడిగేను. అంతే, తోడొచ్చి అవతలి ఒడ్డున దింపమంది!"

"అడక్కూడని మాట అడిగేవు," అన్నాను. తర్వాతి మాట ఎందుకు అన్నానో తెలీదు. "మన షెల్టర్లో ముసలామె లాగే ఉంది నీ ముసలమ్మ."

"ఏ ముసలామె?"

చెప్పాను. దీపాలు పెట్టే వేళకి షెల్టర్ చివర ఒకావిడ నిలబడి ఉంటుంది. ముతక చీర, చేతిలో గుడ్డ సంచి. కూర్చోదు. నేను మిల్లు తలుపులు వేస్తుంటే అడుగుతుంది. "దేవరాపల్లి బస్సు వెళ్ళిపోయిందా, బాబూ?" లేదమ్మా, వస్తాది అంటాను. ఆవిడ దగ్గర చెరకు పిప్పి తడిసి పులిసిన వాసన వస్తుంది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకాడే క్రషింగు రోజుల్లో ఈ వాసన ఊరంతా ఉంటుంది గనక పట్టించుకోలేదు. బస్సు రావడం చూశాను. ఆవిడ ఎక్కడం ఎప్పుడూ చూడలేదు. ఎక్కడికని ఎవరూ అడగరు. దేవరాపల్లి బస్సు అని ఆవిడే అంటున్నప్పుడు ఇంక అడిగేదేముంది?

సంధ్య షెల్టరు వైపు తిరిగి చూసింది.

"రోజూ అదే మాటేనా నాన్నా?"

"అదే మాట."

ఆ సాయంత్రం వాన పట్టింది. కరెంటు పోయింది. మిల్లు తొందరగా ఆపేసి తాళం వేశాను. షెల్టర్లో ఎవరూ లేరు. ఆవిడ లేకపోవడం అదే మొదటిసారి.

ఇంట్లోకి వస్తే చిన్నతల్లి దీపం వెలిగిస్తోంది.

"సంధ్య ఏది?"

"గొడుగు పట్టుకుని వెళ్ళింది."

"వానలో ఎక్కడికి?"

"ఏమో మరి. మీరే కదా అడగొద్దంటారు." వత్తి సరిచేస్తూ అంది. "గేటు కాడ్నుంచి కేకేసింది. ఎవరికో తోడొస్తానని మాటిచ్చేసిందట. ఒప్పుకున్నాక తప్పదు కదా, నాన్నకి సెప్పు అంది."

నా రెండు నియమాలూ నా ఎదురుగా నిలబడ్డాయి.

సంధ్య గదిలోంచి నీలం వెలుతురు వస్తోంది. కంప్యూటరు ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ఆట ఆపకుండానే వెళ్ళిపోయింది. ఇలా ఎన్నడూ చెయ్యదు.

తెర మీద నది. నల్లటి నీళ్ళు. అవతలి ఒడ్డున సంధ్య ఆడించే బొమ్మ... వెండి కవచం వేసుకున్న ఆడపిల్ల... ఒక్కర్తీ నిలబడి ఉంది. ముసలమ్మ లేదు. పడవ లేదు. ఆ పిల్ల చేతిలో కత్తి కూడా లేదు.

గుడ్డ సంచి ఉంది.

కింద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ. వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

పడవ... వెళ్ళిపోయిందా.

అది పోయింది. మళ్ళీ వచ్చింది. అదే వాక్యం.

తీసుకెళ్ళిన మనిషి అక్కడ ఉండిపోతుంది. ఉండిపోయిన మనిషి అడుగుతూ ఉంటుంది. ఇంకెవరో వచ్చి 'ఎక్కడికి' అనేదాకా.

బండి తీశాను. చిన్నతల్లి వెనకనుంచి ఏదో అంది. ఎక్కడికి అని మాత్రం అనలేదు. ఆ మాట నేనే కదా మాన్పించాను.

ఊరు దాటాక దేవరాపల్లి రోడ్డుకి రెండు వైపులా చెరకు. వానకి ఆకులు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. ఆ చప్పుడు వింటే చాలామంది గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. బండి లైటు నాలుగు గజాలకి మించి పోవడం లేదు. నేను దేవుణ్ణి తలుచుకోలేదు. కూతురు పేరే తలుచుకున్నాను.

గెడ్డవాగు మీద చప్టా దగ్గర బండి ఆగిపోయింది. చప్టా మీంచి నీళ్ళు పొర్లుతున్నాయి. చీలమండల దాకా. నీళ్ళు ఎర్రగా ఉండాలి. నల్లగా ఉన్నాయి.

గొడుగు ఇవతలే ఉంది. తెరిచి, బోర్లా పడి.

దాటాను.

అవతల మైలురాయి పక్కన సంధ్య నిలబడి ఉంది.

తడవలేదు. ఆ వానలో... దాని జుట్టు కూడా తడవలేదు. చేతిలో ముతక గుడ్డ సంచి. పులిసిన పిప్పి వాసన.

"సంధ్యా..."

తల తిప్పింది. నన్ను చూసింది. ఎవరో దారిన పోయే మనిషిని చూసినట్టు చూసింది.

"దేవరాపల్లి బస్సు వెళ్ళిపోయిందా, బాబూ?"

గొంతు దానిదే. మాట దానిది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను నాన్నా అన్న పిల్ల.

చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. నాలుగు బస్తాలు ఒకేసారి ఎత్తినవాణ్ణి నేను. రోడ్డులో పాతిన రాయిని లాగినట్టుంది.

"ఇంటికి పద తల్లీ. అమ్మ సూస్తంది."

"దేవరాపల్లి బస్సు వెళ్ళిపోయిందా, బాబూ?"

చెరకులో గాలి ఆగిపోయింది. గెడ్డ చప్పుడు కూడా వినపడలేదు. అన్నీ నేను ఏమంటానో విందామని ఆగినట్టు.

ఏమనాలో నాకు తెలుసు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. బయల్దేరిన మనిషిని జీవితంలో ఒక్కసారి కూడా అడగని మాట. ఆ నియమం పట్టుకుని ఉంటే నాకేమీ కాదు. నా కూతురు ఇక్కడ ఇలా నిలబడి ఉంటుంది. సందె వేళల్లో దారిన పోయేవాళ్ళు లేదమ్మా, వస్తాది అని చెప్పి వెళ్ళిపోతుంటారు.

నోరు తెరిచాను.

"ఎక్కడికమ్మా?"

సంధ్య ముఖం వదులైంది.

"ఇంటికి," అంది. "తోడొస్తావా?"

"వస్తాను."

సంచి నా చేతికి ఇచ్చింది. ఖాళీ సంచి. కానీ బరువుంది.

చప్టా మధ్యకి వచ్చేసరికి సంధ్య మీద వాన పడటం మొదలైంది. జుట్టు తడిసింది. వణికింది. "నాన్నా? మనం ఇక్కడున్నామేటి? చెప్పులేవి?" అని ఏడ్చింది. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. సంచి లేదు.

దానికి ఏమీ గుర్తులేదు. రెండు రోజులు జ్వరం తగిలి తగ్గిపోయింది. షెల్టర్లో ఆ ముసలామె మళ్ళీ కనిపించలేదు. ఆవిడ తన ఇల్లు చేరిందనుకున్నాను. మంచిదే. ఎన్నాళ్ళ నుంచి అడుగుతోందో పాపం.

వారం పోయాక, దీపాలు పెట్టే వేళ, సంధ్య గదిలోంచి కేకేసింది.

"నాన్నా, బేగి రా! ఇది సూడు. రేవులో ముసలమ్మ లేదు. కొత్త మనిషొచ్చేడు. ఈ సైడ్ క్వెస్ట్ గురించి ఎవరూ ఎక్కడా సెప్పలేదు. ఇదే నా వీడియోకి ఆఖరిది!"

వెళ్ళి చూశాను.

రేవులో ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. ముఖం నీడలో ఉంది. చేతులు మాత్రం కనిపిస్తున్నాయి.

"సేతులకి ఏటది నాన్నా, సున్నమా? మోచేతుల దాకా పూసుకున్నాడు." నవ్వుతూ బాణం గుర్తుని తను అడగబోయే వాక్యం మీదికి జరిపింది. అది ఏ వాక్యమో నాకు కూడబలుక్కోవలసిన పని లేకపోయింది.

వద్దు అని అరవబోయాను.

నోట్లోంచి వచ్చింది ఆ మాట కాదు.

"దేవరాపల్లి బస్సు వెళ్ళిపోయిందా, బాబూ?"

సంధ్య కుర్చీ తిప్పి నన్ను చూసింది. "ఏటి నాన్నా, కొత్త జోకా?" అని పగలబడి నవ్వింది. ఆ నవ్వు తగ్గేలోపు గోడలోంచి వైరు పీకేశాను. ఆ ఆట తీసేయమని కాగితం మీద రాసిచ్చాను. వింతగా చూసింది గాని తీసేసింది. నా కూతురు మాట వినే పిల్ల.

ఆ రోజు నుంచి సందె దీపం పెట్టాక నేను నోరు తెరవను. తెల్లారేదాకా మౌనం. గౌరీశంకర్ ఈ వయసులో ఎంత నిష్ఠ పట్టేడో అని ఊళ్ళో మెచ్చుకుంటున్నారు. పగటి వేళ ఈ సంగతి ఇంట్లో చెబుదామంటే నాలుక మొద్దుబారిపోతోంది. మిగతా మాటలన్నీ వస్తాయి. ఇదొక్కటే రాదు.

కానీ నియమం ఉంటే మనిషి దేన్నైనా దాటగలడని నా నమ్మకం. దాటేస్తున్నాననే అనుకున్నాను. ఇవాళ సందె వేళ దాకా.

చిన్నతల్లి దీపం పెట్టి, నా పక్కన కూర్చుని, జాలిగా చూసింది.

"సందె నుంచీ మౌనం, పడుకున్నాక మాటలూనా? నిద్రలో ఏటేటో అంటన్నారు. ఏదో బస్సు గురించి. రోజూ అదే మాట."

తల అడ్డంగా ఊపాను.

"అబద్ధమా నేను సెప్పేది? ఎక్కడికండీ అని అడుగుదామనుకున్నాను. పడుకున్న మనిషిని లేపడమెందుకని ఊరుకున్నాను. ఈసారి అడుగుతాను. బయల్దేరేవాళ్ళని కదా అడక్కూడదు? పడుకున్నోళ్ళని అడిగితే ఏటవుతాది?"

తనలో తనే నవ్వుకుంటూ లేచి వెళ్ళింది.

అందుకే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పవచ్చు. పూర్తిచేసి చిన్నతల్లి దిండు పక్కన పెడతాను. తెల్లారగానే చదువుతుంది. అప్పటిదాకా నేను నిద్రపోకూడదు. మెలకువగా ఉండటం నాకు కొత్త కాదు. కన్ను మూయను. పెదవులు కలిపి, పళ్ళు బిగించి, చిన్న లైటు కింద కూర్చున్నాను.

గుమ్మంలో నా చెప్పులు తడిగా ఉన్నాయి. ఇవాళ వాన లేదు.

పిప్పి వాసన వస్తోంది.

మంచం మీద చిన్నతల్లి కదిలింది. గాజులు చప్పుడయ్యాయి.

"అదిగో, మళ్ళీ అంటన్నారు," అంది చీకట్లోంచి, నిద్ర గొంతుతో. "బస్సు సంగతి తర్వాత. ముందు..."

నేను నోరు తెరవలేదు.