బాడీ లేని మెథడ్

మదనపల్లె టమోటా మార్కెట్లో ఉదయం ఎనిమిదింటికి, తలకు తువ్వాలు చుట్టుకున్న వ్యాపారి ఒకడు పెట్టెలోంచి కాయ తీసి నొక్కి చూశాడు.

"మద్రాసు దాకా తట్టుకుంటాదా అమ్మా?"

"కుప్పం దాకా అయితే ఖాయమప్పా."

కోడ్ సరిపోయింది. వ్యాపారి వేషంలో ఉన్నది ఏజెన్సీ చీఫ్ వెంకటేశులు. రైతు వేషంలో ఉన్నది ఏజెంట్ అమరావతి. కంప్యూటర్ కోడ్ చదవడంలో ఏజెన్సీలో ఆమె తర్వాతే ఎవరైనా. చీఫ్ గొంతు తగ్గించాడు.

"స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్‌కు కరెంటు తీసేసినామని 'లైన్ క్లియర్' ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉండాదే, దాంట్లో విదేశీ ముఠా ఒక దొంగ క్లాస్, అంటే దొంగ కోడ్ ముక్క, దూర్చింది. కరెంటు తీయకుండానే తీసేసినానని చెప్తాది. పదకొండుకు ఆ దొంగ ఉండే కొత్త వెర్షన్ బిల్డ్ అయి, అంటే కోడంతా కలిసి తయారై, సబ్‌స్టేషన్లన్నిటికీ పోతాది. పదకొండుంబావుకు కుప్పం లైన్లో మనుషులు ఎక్కుతారు. కరెంటాఫీసులో ముఠా మనిషి ఉండాడు, ఆ ఆఫీసుకు ఫోన్ చేసే దారి లేదు."

ఆ లైన్ ఎక్కేవాళ్ళలో ఒకడైన శాంతిపురం లైన్‌మన్ బైరప్ప అమరావతికి చిన్నాయన. నాన్న పోయాక ఆమెను పెంచి చదివించినవాడు.

"పుంగనూరులో రేఖను కలువు. మనకూ పనిచేస్తాది, వాళ్ళకూ పనిచేస్తాది. జాగ్రత్త."

పుంగనూరులో రేఖ నల్ల కళ్ళద్దాలతో, పట్టుచీరతో అమరావతి కారెక్కింది. ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పితే లోపల పెన్‌డ్రైవ్, అందులో ఆ సాఫ్ట్‌వేర్ సర్వర్‌లోకి దూరే తాళంచెవి.

"మూడొందల క్లాసులు, అన్నిటికీ తాళమే. దొంగది యాదో నాకూ తెలీదు. పైనుండే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ ఒక్కటే తెరుచుకుంటాది. దాంట్లో ఉత్త పేర్లే కదా, కాపలా యాల అనుకున్నారు."

ఏజెన్సీ డ్రైవర్ ధనుంజయ కారును కుప్పం దారి పట్టించాడు. అమరావతి ల్యాప్‌టాప్ తెరుస్తూనే చిన్నాయనకు ఫోన్ మీద ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. లైన్ పని ఉన్న రోజు ఫోన్లన్నీ జీపులోనే ఉంటాయి.

పది యాభైకి రేఖ హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"నువ్వు ప్రయత్నం చేసినావని మీ చీఫ్‌కు చెప్పుకోవాల. ఓడిపోయినావని వాళ్ళకు చెప్పుకోవాల. కానీయ్, టైప్ చేస్తా ఉండు."

అమరావతికి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. తెర మీద ఉన్నది అబ్‌స్ట్రాక్ట్ క్లాస్. ఫలానా పని చెయ్యాలి అని పేరు మాత్రం చెబుతుంది, ఆ పని ఎలా చెయ్యాలో పిల్ల క్లాసులు రాసుకోవాలి. ఒక్క పేరుకు పని రాయకపోయినా ఆ పిల్ల క్లాస్ కంపైల్ కాదు, బిల్డ్ మొత్తం ఆగిపోతుంది. అంటే దొంగను వెతకనక్కర్లేదు. ఇంతవరకూ ఎవరూ వినని పేరొకటి పైన పెడితే చాలు.

ఆమె ఒకే ఒక్క లైను రాసింది. 'కరెంటు నిజంగా పోయిందని నిరూపించు' అనే అబ్‌స్ట్రాక్ట్ మెథడ్. కింద బాడీ, అంటే ఆ పని ఎలా చెయ్యాలో చెప్పే కోడ్, లేదు.

రేఖ వంగి చూసి పకపకా నవ్వింది. "దీంట్లో పనిచేసే ముక్కే లేదే! నొక్కుకో తల్లీ."

పదకొండుకు ఇంకా ఆరు సెకన్లుంది. అమరావతి ఎంటర్ నొక్కింది.

పదకొండు. తెర ఎర్రబడింది. మూడొందల క్లాసులూ ఒకదాని వెనక ఒకటి కుప్పకూలాయి. బిల్డ్ ఫెయిల్డ్. సబ్‌స్టేషన్లలో దొంగ లేని పాత వెర్షనే నిలిచింది. రేఖ నవ్వు ఆగిపోయింది, పిస్టల్ పైకి లేచింది. ధనుంజయ బ్రేకు తొక్కాడు. పిస్టల్ ఎగిరి సీటు కింద పడింది, అమరావతి రేఖ చేతులు విరిచి పట్టుకుంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"యాలమ్మా అన్నిసార్లు చేసినావు? ఇప్పుడే దిగినా. అన్నం తినేకి వస్తాండావా?"

"వస్తాండా చిన్నాయనా," అంది. కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత, తను మారుపేరుతో చేరిన ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల గ్రూపు తెరిచి చూస్తే నూట నలభై మెసేజీలు. అన్నిటి సారాంశమూ ఒకటే, బిల్డ్ పగలగొట్టిన ఆ బుద్ధిలేని మనిషి ఎవరని. అమరావతి కాసేపు ఆలోచించి, తనూ ఒక తిట్టు టైప్ చేసి పంపింది.