రెండు కంప్యూటర్లు, ఒక ఫోల్డరు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, కురవాలా మానాలా తేల్చుకోలేనట్టుగా ఉంది. మామిడి కోతల రోజుల్లో నూజివీడు వైపు అలాంటి ఆకాశం ఎవరికీ నచ్చదు. కిషోర్ బాబుకి మాత్రం నచ్చింది. గాలి వస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే కంప్యూటర్లు చెడతాయి. అతనిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం.

దుకాణం షట్టరు ఎత్తేలోపే ముసునూరు నుంచి రామచంద్రరావు గారి ఫోను.

"కిషోరూ, మళ్ళీ పోయిందయ్యా."

"ఏదండీ?"

"గన్నవరం అబ్బాయి."

రామచంద్రరావు గారికి ఊళ్ళో మామిడితోట, నూజివీడు రోడ్డు మీద ప్యాకింగ్ షెడ్డు ఉన్నాయి. పగలు షెడ్డులో కూతురు సుప్రజ బిల్లులు కొడుతుంది. సాయంత్రం ఇంట్లో ఆయన వాటిని చూసుకుంటారు. మొదట్లో ఆ బిల్లులు పెన్ డ్రైవులో ఆయన చొక్కా జేబులో ప్రయాణం చేసేవి. పోయిన వేసవిలో ఆయన వంగినప్పుడు అది బంగినపల్లి పెట్టెలో పడి నాగపూర్ వెళ్ళిపోయింది. అప్పుడు కిషోర్‌ని పిలిపించారు. అతను రెండు కంప్యూటర్లనీ కలిపి, రెండింటికీ ఒకే ఫోల్డరు పెట్టాడు.

"ఇక్కడ పెడితే అక్కడ కనిపిస్తుందండీ. అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది."

ఆయనకి ఆ ఫోల్డరు బాగా నచ్చింది. కంప్యూటర్లో ఆయన తెరవగలిగింది అదొక్కటే. అందుకని ఈ వేసవిలో పెళ్ళి సంబంధాలు చూసే లక్ష్మీనరసింహారావు గారు పంపిన ఫోటోలు, వివరాలు కూడా అందులోనే దాచారు. పెళ్ళికొడుకులు బిల్లుల మధ్య కూర్చుని షెడ్డులో కనిపించారు. తర్వాత ఒక్కొక్కరే మాయమయ్యారు. తన పనిలో లోపం ఉందేమోనని కిషోర్ సిగ్గుపడి, పోయిన ప్రతివాడినీ వెనక్కి తెప్పిస్తూ వచ్చాడు.

ఈసారి కారణం తేల్చుకోవాలని ముందు షెడ్డుకి వెళ్ళాడు.

సుప్రజ అతని వైపు చూసిన చూపు పొడుగు కర్రకి కట్టి కాయ కోసే చిక్కంలా ఉంది. ఎంత ఎత్తున ఉన్నవాడైనా కిందికి రావాల్సిందే.

"మీరేనా తెప్పిస్తున్నది?"

"ఎవర్నండీ?"

"గన్నవరం అబ్బాయిని. మొన్న తీసేశాను. నిన్న పొద్దున్నే నవ్వుతూ కూర్చున్నాడు. నిన్న మళ్ళీ తీసేశాను."

"మీరు తీస్తున్నారా?" కిషోర్‌కి ఊపిరి తేలికగా ఆడింది. "అయితే ఫోల్డరు బాగానే ఉందన్నమాట."

"ఫోల్డరు బ్రహ్మాండంగా ఉంది. ఇంకో రెండుసార్లు తెప్పిస్తే నా పెళ్ళి కూడా మీ చేతుల మీదుగానే అయిపోతుంది."

"పోయిన ఫైలు తెప్పించడం నా పని కదండీ."

"తెప్పించేటప్పుడు చూశారా అతన్ని?"

"చూశానండీ."

"ఎలా ఉన్నాడు?"

"రెండున్నర ఎంబీ ఉన్నాడండీ."

సుప్రజ నవ్వకుండా ఉండటానికి ప్రింటరు వైపు తిరిగింది. రేకుల మీద నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

"ఆదివారం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు," అంది అటే చూస్తూ. "ఒకటడుగుతాను. అతన్ని తెప్పిస్తున్నప్పుడు మీకేమీ అనిపించలేదా?"

కిషోర్ కూడా ప్రింటరు వైపే చూస్తూ చెప్పాడు.

"అనిపించిందండీ. సగంలో కరెంటు పోతే బాగుండనిపించింది."

"పోయిందా?"

"పోయిందండీ. కానీ ఆగలేదు. మంచి యూపీఎస్. నేనే పెట్టాను."

 అతను వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇంతకు ముందెప్పుడూ అలా రాలేదు.

ముసునూరులో రామచంద్రరావు గారు కంప్యూటరు ముందు కుర్చీ వేసి ఉంచారు. కిషోర్ కూర్చున్నాడు. గన్నవరం అబ్బాయి చెత్తబుట్టలో భద్రంగా ఉన్నాడు. ఒక్క నొక్కు నొక్కితే వచ్చేస్తాడు.

"ఎవరు తీస్తున్నారో తెలుస్తుందా?"

"తెలుస్తుందండీ."

అప్పుడే భోజనానికి ఇంటికొచ్చిన సుప్రజ గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరు?" అన్నారాయన.

కిషోర్ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "అది మీ ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవాల్సిందండీ. నేను మాత్రం ఈసారి తెప్పించను."

"ఏం, రాదా?"

"వస్తుందండీ. నేనే తెప్పించను. వేరే మనిషిని పిలిపించుకోండి."

రామచంద్రరావు గారు కూతురి వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు.

"నేనే తీశాను నాన్నా. అడిగితే వద్దని చెప్పేదాన్ని. మీరు అడగలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కిషోర్ వైపు తిరిగారు.

"ఒక సంగతి అడగనా? ఈ ఊళ్ళో కుర్రాళ్ళంతా నన్ను బాబాయ్ అంటారు. కరెంటు బిల్లు తీసేవాడు కూడా అంటాడు. ఏడాదిగా నా ఇంటికొస్తున్నావు. నువ్వొక్కడివే ఏ వరసా పెట్టవు. ఎందుకని?"

కిషోర్ కీబోర్డులోని అక్షరాలన్నీ ఒకసారి చూసుకున్నాడు.

"బాబాయ్ అంటే సుప్రజ గారు నాకు చెల్లెలవుతారండీ."

వంటింట్లో సుప్రజ తల్లి తులసమ్మ గారి గరిటె చప్పుడు ఆగింది.

"నువ్వు బాపులపాడు నాగేశ్వరమ్మ గారి మనవడివి కదూ?" అన్నారు రామచంద్రరావు గారు.

"అవునండీ."

"ఊఁ. తెలిసినవాళ్ళే." ఆయన సుప్రజని చూశారు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఇతన్ని కూడా తీసేస్తావా?"

"ఉంచండి నాన్నా," అంది సుప్రజ.

ఆయన లేచి ఫోను తీసుకున్నారు. "లక్ష్మీనరసింహారావు గారూ, ఆదివారం గన్నవరం వాళ్ళని రావద్దనండి. తర్వాత చెబుతాను." ఫోను పెట్టేసి వంటింటి వైపు కేకేశారు. "తులసీ, ఇంకో కంచం పెట్టు."

కంచం అప్పటికే పెట్టి ఉంది.

నలుగురూ కూర్చున్నారు. మామిడికాయ పప్పు, వేయించిన వడియాలు, కొత్త ఆవకాయ. బయట వాన చివరికి కురవడానికే నిశ్చయించుకుంది. తోటలో కాయలు రాలతాయని ఎవరూ అనలేదు. పెరుగన్నం దగ్గర సుప్రజ పళ్ళెంలోని చిన్నరసం మామిడిపళ్ళన్నీ ఒత్తి చూసి, బాగా మెత్తబడినదాన్ని కిషోర్ కంచం పక్కన పెట్టింది. మామూలుగా ఆ పండు వాళ్ళ నాన్నది. ఆయన దాన్ని చూశారు, వానని చూశారు, తర్వాత చెయ్యి చాపి కాస్త గట్టిగా ఉన్న ఇంకో పండు తీసుకున్నారు.