పక్కా గోడ

మందమర్రిల కంపెనీ కోటర్ దొరుకుడంటే అప్పుడు మాటలా! రజాకార్ల గడబిడ సల్లబడి నాలుగైదేండ్లు అయితుండె. బొగ్గు బాయిల దిగేటోళ్లంత వాగొడ్డు గుడిసెల్లనే మగ్గుతుండ్రి. అసొంటి టైంల ఇటుక గోడలు, రేకుల కప్పుతోని కోటర్లు లేపిన్రు. కిరాయి సగమే. తక్కువ జీతపోళ్లకు మిగిలిన సగం సర్కారు భరిస్తదట. కానీ ఒక మెలిక పెట్టిన్రు. పిల్లలున్నోళ్లకే ఇస్తరట. మొగుడు పెండ్లాం ఇద్దరే అయితే గుడిసెనే గతి.

బక్కయ్యకు, సాయవ్వకు ఒక్కతే బిడ్డ, కిష్టవ్వ. పోయినేడు ముసురుల గుడిసె మట్టిగోడ కూలి పిల్ల మీద పడ్డది. బక్కయ్య అప్పుడు బాయిల డ్యూటీ మీదున్నడు. సాయవ్వ ఒక్కతే ఉత్త చేతులతోని మట్టి తోడింది, పిల్ల దక్కలే. ఆనాడు ఏడవలే, తర్వాత గూడ ఏడవలే. వండుడు, తినుడు, పండుడు. పలకరిస్తే మాట్లాడేది, లేకుంటే లేదు. మనిషి మొద్దుబారిపోయింది.

ఆఫీసుల మున్షీ "పిల్లలెందరు?" అని అడిగితే, బక్కయ్య నోరు తెరవకముందే సాయవ్వ చెప్పింది. "ఒక్క బిడ్డ సారూ. కిష్టవ్వ."

అబద్ధం ఆడుతున్న మొకం గాదు అది. బక్కయ్య నోరు మెదపలే. మెదిపితే మళ్ల వానకాలం ఆ గోడల నడుమనే గద! కోటర్ ఇచ్చిన్రు.

సామాను ఎత్తుకొని బయలెల్లేటప్పుడు సాయవ్వ గుడిసె దర్వాజ కాడ ఆగింది. ఇల్లు మారేటప్పుడు ఇంట్లోళ్లందరిని పిలుసుకొని పోవుడు వాళ్లవ్వకు అలవాటు, ఎవరూ ఎనక వడొద్దని. సాయవ్వ గూడ పిలిచింది. మొగుణ్ని పిలిచింది, కోడిని పిలిచింది. ఆఖరికి లోపటికి మొకం పెట్టి, "బిడ్డా కిష్టవ్వా, రా పోదాం," అన్నది. బక్కయ్య విననట్టే ముందుకు నడిచిండు.

కొత్త కోటర్ల సున్నం వాసన గూడ పోలే, కబురు రానే వచ్చింది. పిల్లలు నిజంగ ఉన్నరా లేరా అని మున్షీ ఇల్లిల్లు తిరిగి చూస్తడట. బక్కయ్య పరేషాన్ అయిండు. పక్క కోటర్ల దెబోరా ఉంటది. ఆమె బిడ్డ రూతుకు కిష్టవ్వ ఈడే.

"రూతును జరసేపు మీ ఇంట్ల కూసోవెడ్త తమ్మీ, ఫికర్ చెయ్యకు," అన్నది దెబోరా. "గొంగడి కప్పున్రి. పేరడిగితే కిష్టవ్వ అని చెప్పుమంట. దేవుడు నన్ను మన్నిస్తడు తియ్యి."

మున్షీ వచ్చేనాడు పగటీలి నుంచే వాన. బక్కయ్య డ్యూటీ దిగి వచ్చేసరికి దీపాల యాళ్లయింది. లోపల మూలకు, గోడ దిక్కు మొకం పెట్టి, గొంగడి కప్పుకొని పిల్ల కూసున్నది.

"వచ్చిందా?" అన్నడు మెల్లగ.

"వచ్చింది," అన్నది సాయవ్వ, పొయ్యి ఊదుకుంట.

ఇంట్ల సున్నం వాసన లేదు. తడి మట్టి వాసన ముక్కులకు గుప్పున కొట్టింది. వానది గావచ్చు అనుకున్నడు.

మున్షీ లాంతరు పట్టుకొని వచ్చిండు. దర్వాజల నిలవడే అడిగిండు. "ఏం పేరు బిడ్డా?"

"కిష్టవ్వ."

గొంతుల ఏదో అడ్డం వడ్డట్టు, బొంగురుగ వచ్చింది మాట. రూతు మంచిగనే చెప్పిందని బక్కయ్య ఊపిరి తీసుకున్నడు. మున్షీ తల ఊపి మళ్లిండు. అప్పుడు గొంగడిలకెల్లి...

"సారూ... గీ గోడ కూలదా?"

మున్షీ నవ్విండు. "పిచ్చిపిల్లా! ఇటుక గోడ ఇది. పక్కా గోడ. ఎందుకు కూలుతది?"

ఆయన పోయిండు. బక్కయ్య ఆలోచనల పడ్డడు. ఈ మాట రూతుకు ఎవరు నేర్పిన్రు? దెబోరా నేర్పదు. తను నేర్పలే. సాయవ్వ పొయ్యి ఊదుడు ఆపింది.

అంతల దర్వాజ కాడ దెబోరా, తడిసి ముద్దయి నిలవడ్డది.

"ఏమనుకోకు తమ్మీ. రూతుకు పొద్దటి నుంచి జ్వరం, పక్క మీదికెల్లి లేస్తలేదు. మున్షీ వచ్చి పోయిండా ఏంది? మరెట్ల చేసిన్రు?"

బక్కయ్య మూలకు చూసిండు. గొంగడి ఇంకా కూసునే ఉన్నది. చూస్తుండంగనే... మెల్లగ... కిందికి కుంగింది. నేలకు సాపుగ పడ్డది. కింద ఎవరూ లేరు. అక్కడ నేలంత తడి.

దెబోరా "యేసయ్యా!" అనుకుంట ఉరికింది.

"పోదాం," అన్నడు బక్కయ్య. "ఇప్పుడే పోదాం పా."

"ఏడికి? గుడిసెకా?" అన్నది సాయవ్వ. గొంతు ఎప్పటి తీరుగనే ఉన్నది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. "వాగు పొంగుతున్నది."

బక్కయ్య మోకాళ్లు పట్టుకొని దర్వాజ కాడనే కూసున్నడు. ఎప్పుడు కన్నంటుకున్నదో తెల్వదు.

తెలివి వచ్చేసరికి కోడి కూస్తున్నది. సాయవ్వ గోడకు రెండు అరచేతులు ఆనిచ్చి నిలవడ్డది. ఆమె నడుము కింద, గోడ పొడుగూత, మట్టి చేతుల అచ్చులు. సిన్న చేతులు. పక్కపక్కనే... ఒకదాని మీద ఒకటి... సందు లేకుండ.

"ఏం చేస్తున్నవే?"

"మెల్లగ మాట్లాడు," అన్నది. "బిడ్డ రాత్రంత గోడ పట్టుకొని అలిసిపోయింది. ఇప్పుడే పండింది. ఇగ నేను పట్టుకుంట. నువ్వు డ్యూటీకి పోయి రా."

బక్కయ్య లేచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టిండు. కాల్చిన ఇటుక, గట్టి సున్నం. అయినా వేళ్ల కింద పచ్చిమట్టి లెక్క సల్లగ, మెత్తగ ఉన్నది. జర కదిలింది.

బయట డ్యూటీకి బాయి సైరన్ కూసింది. బక్కయ్య రెండో చెయ్యి గూడ గోడకు ఆనిచ్చిండు.