టర్బో ఇంజనుకు కావలసినవి

తెల్లవారగానే బాలవ్వ చాయ్ పెట్టింది. కార్ఖానాలో రాత్రి పాళీ డ్యూటీ చేసి వచ్చిన రాజమల్లు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పెళ్లికి ముందే సూరత్ వచ్చి మరమగ్గాల మోతలో నిలబడిన మనిషి. గట్టిగా అరిస్తే తప్ప ఆయనకు ఏదీ వినపడదు. చక్కెర సరిపోయిందా అని బాలవ్వ రెండుసార్లు అడిగి, జవాబు రాక ఊరుకుంది.

గది మధ్యలో చిన్నకొడుకు నరహరి సామాను పరుచుకుని కూర్చున్నాడు. మొన్నటి వానాకాలం దాకా అక్కడ పెద్దకొడుకు సంపత్ మంచం ఉండేది. తండ్రి పనిచేసే కార్ఖానాలోనే తడిసిన మగ్గం ముట్టుకుని, కరెంటు కొట్టి సంపత్ పోయాడు. అన్నదమ్ములిద్దరూ ఇష్టపడి కొన్న పాత కారు, వాళ్లుండే డిండోలి సందులో తార్పాలిన్ కింద మిగిలింది. దాని ఇంజను తీసేసి, ఇంకా జోరుగా పోయే టర్బో ఇంజను పెట్టాలని ఇద్దరూ ఎన్నో సాయంత్రాలు మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఆ పని నరహరి ఒక్కడే చేస్తున్నాడు. తిండి తగ్గించాడు, దోస్తులను కలవడం మానేశాడు.

"ఇది ఇల్లా, కబాడీ దుకాణమా? కాలు పెట్ట జాగ లేదు," అంది బాలవ్వ.

"ఆదివారం దాకా ఓపిక పట్టమ్మా. ఇంజను కిమ్ ఊరి నుంచి గ్యారేజీకి వచ్చింది. గేర్‌బాక్సు దానితోటే ఉంది. టర్బో ఇగో. గాలి చల్లబరిచే జాలీ ఇగో. ఇంజను నిలబెట్టే మౌంట్లు వెల్డింగు చేపిస్త. వైరింగు రేపు వస్తది. గంతే."

అంత జోరుగా ఉరికి ఎక్కడికి పోతావని బాలవ్వ గొంతు పెంచింది. ఆ అరుపుకు కళ్లు తెరిచిన రాజమల్లు, కొడుకును వెనకేసుకొచ్చాడు. "బుగులుపడకే. మగ్గం లెక్కనే గద. దారం తెగితే దానంతట అదే ఆగుతది."

గుమ్మం దగ్గర జడ వేసుకుంటున్న కూతురు విజయశ్రీ చేయి ఆగిపోయింది. కాలేజీకి పోయే పిల్లే గానీ, తండ్రి ముందు నోరు విప్పడం తక్కువ. తల దించుకునే మెల్లగా ఏదో అంది. ఆయనకు వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"కారు గట్ల ఆగదు బాపూ. బ్రేకు తొక్కాలె. పెద్దన్న ముందుగాల బ్రేకులే మార్చాలంటుండె. అన్నా, అవేవి?"

పాతవి చాలని నరహరి కసిరాడు. ఇప్పుడున్న ఇంజనుకే అవి సరిగ్గా పట్టవని విజయశ్రీ గుర్తు చేసింది. నీ చదువు నువ్వు చదువుకో అన్నాడతను. తల్లి ఇద్దరినీ తిట్టింది. అప్పుడు నరహరి తల ఎత్తి, తండ్రి వైపే చూస్తూ, నోట్లో నోట్లో ఏదో అనుకున్నాడు. పక్కనున్న తల్లికి కూడా ఆ మాట అందలేదు.

రాజమల్లు చాయ్ కప్పు కింద పెట్టాడు.

మగ్గాలు నడిచే చోట మాట వినపడదు. అవతలి మగ్గం మీది మనిషి పెదవులు చూసే సంగతి తెలుసుకుంటారు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో పెరిగి కూడా నరహరి ఆ క్షణంలో అది మరిచాడు.

"ఏమన్నవ్‌రా?"

"ఏమనలే."

"ఆగి ఏం జెయ్యాలె అన్నవ్."

బాలవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ ఇనుప సామాను మధ్యలోనే కూలబడింది. సంపత్ చెప్పిన బ్రేకులను వీడు మరచిపోలేదని, కావాలనే వదిలేశాడని ఆమెకు తెలిసిపోయింది.

"అవు, గదే అన్న," అన్నాడు నరహరి, ఈసారి గట్టిగా. "తప్పేముంది? ఆడు లేనంక తిన్నా ఒకటే, పండుకున్నా ఒకటే. జర సేపు జోరుగ పోతే ఏదీ యాదికి రాదు."

రాజమల్లు కొడుకును కొట్టలేదు. దగ్గరికి జరిగి, గడ్డం పట్టుకుని మొఖం తన వైపు తిప్పుకున్నాడు.

"నేను రోజూ గదే కార్ఖానకు పోతున్న. ఆడు పడ్డ మగ్గం పక్కపొంటే నడుస్త. కాళ్లు రావు. అయినా పోత. పాళీ అయినంక ఇంటికొస్తే నువ్వు కనవడుతవ్. గందుకే పోతున్న."

నరహరి చూపు తప్పించబోయాడు గానీ, ఆయన గడ్డం వదలలేదు.

"ఆగి ఏం జెయ్యాలె అంటవేంది? ఇంటికి రావాలె, కొడుకా."

అన్న పాడె ఎత్తినప్పుడు కూడా ఏడవని నరహరి తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. బాలవ్వ వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఇంకెప్పుడూ అట్లా అనుకోనని ఒట్టు వేయమంది. ఒట్టు వేయకుండా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు, చెయ్యి మాత్రం తీయలేదు.

రాజమల్లు ఆ పొద్దు పడుకోలేదు. ఎండ గుమ్మం దాకా వచ్చాక, కారు ఆగడానికి ఏమేం కావాలో కొడుకును చెప్పమన్నాడు. అవి బిగించే దాకా ఇంజను గ్యారేజీ దాటి రావొద్దన్నాడు.

నరహరి ముక్కు తుడుచుకున్నాడు. తండ్రికి ఎదురుగా జరిగి కూర్చుని, పెదవులు బాగా కనపడేలా ఒక్కో మాటా విడమరచి చెప్పాడు. "ముందటి చక్రాలకు పెద్ద డిస్కులు. వాటికి ప్యాడ్లు. కొత్త పైపులు. వెనకటియి గూడ మార్చాలె బాపూ."

"మళ్ల చెప్పు," అన్నాడు రాజమల్లు.