ఆవ రంగు పక్కన వంగపూవు రంగు

రంగుల తొట్టెలోంచి శవాన్ని పైకి తీసేసరికి తీసినవాళ్ల చేతులు మోచేతుల దాకా చిలకపచ్చగా ఉన్నాయి.

మెల్బోర్న్‌లో, బ్రన్స్‌విక్ పేటలో ఉన్ని నూలుకు రంగులద్దే కార్ఖానా అది. 1963 మార్చి, బుధవారం పొద్దున్న. చనిపోయినవాడు లోమాక్స్. అద్దకం పనివాడి వేషంలో ఐదు నెలలుగా అక్కడ ఉన్న ప్రభుత్వ గూఢచారి. వీపులో ఒకే ఒక్క గుండు. బూటు అడుగున, మైనపు కాగితంలో చుట్టిన రెండు అట్టముక్కలు దొరికాయి.

పదిన్నరకి ఆ రెండూ గూఢచారి శాఖ చీఫ్ ట్రెంబత్ బల్ల మీద ఉన్నాయి. ఇవతలి కుర్చీలో ఏజెంట్ హెస్టర్ క్విన్లన్ ఉంది.

"ఇవేంటో చెప్పగలవా?" అన్నాడు ట్రెంబత్.

"కలర్ కార్డులు సార్. ఫ్లిండర్స్ లేన్ బట్టల సందులో కలర్ బ్యూరో ఉంది కదా, వాళ్లవి. వచ్చే ఏడాది ఆడవాళ్లు ఏ రంగులు వేసుకుంటారో ఇందులో ఉంటుంది."

"ముందే ఎలా తెలుస్తుంది?"

"తెలియదు సార్. వీళ్లు చెప్తారు. చెప్పిన రంగే మిల్లు అద్దుతుంది, అద్దిన రంగే షాపులో వేలాడుతుంది. ఏడాది పోయాక ఆడవాళ్లు వెళ్లి, తమకే తోచినట్టు కొనుక్కుంటారు."

"మా ఆవిడ పోయినేడు నారింజ రంగు టోపీ తెచ్చింది."

"అందులో ఆవిడ తప్పేమీ లేదు సార్."

ఈ ఉద్యోగానికి ముందు హెస్టర్ పదేళ్లు ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేసింది. వాన పడే రోజు పసుపు స్కార్ఫులు ఎక్కువ అమ్ముడవుతాయని, ఇంటర్వ్యూకి వెళ్లే పిల్ల ముదురు నీలం దగ్గర ఆగుతుందని, కొత్తగా భర్త పోయినావిడ ఎరుపునే ముందు చూసి దాన్నే ముందు వదిలేస్తుందని ఆమెకు తెలుసు. శత్రు దేశాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ప్రభుత్వం ఊళ్లో రహస్యంగా దాచినప్పుడు, ఆ కుటుంబాల ఆడవాళ్లకు బట్టలు ఎంచేది హెస్టరే. వీధిలో నలుగురి మధ్య నడిస్తే ఒక్క కన్ను కూడా వాళ్ల మీద ఆగకూడదు.

ట్రెంబత్ ఒక కార్డు ఆమె వైపు తోశాడు. పన్నెండు నూలు పోగులు వరసగా గుచ్చి ఉన్నాయి. మొదటి ఆరింటి పక్కన లోమాక్స్ పెన్సిల్‌తో అంకెలు వేశాడు.

"ఒక్కో రంగుకి ఒక్కో అంకె. ఊరి వీధుల డైరెక్టరీ ఉందిగా, అందులో పేజీకి రెండంకెలు, గడికి రెండు, ఇంటి నంబరుకి రెండు. ఈ రెండు కార్డులూ రెండిళ్లు. ఆ ఇళ్లల్లో మనం దాచినవాళ్లు ఇద్దరూ ఇప్పుడు ప్రాణాలతో లేరు. మూడోది శుక్రవారం నాలుగింటికి పోస్టులో పడుతుంది. అది ఇల్మార్ ఇల్లని లోమాక్స్ చివరి రిపోర్టు."

హెస్టర్‌కి ఆ ఇల్లు బాగా తెలుసు. ఇల్మార్ ఎస్టోనియా కెమిస్టు. సబ్‌మెరీన్లకు పూసే పెయింటు రహస్యం తలలో పెట్టుకుని ఓడ దూకి వచ్చాడు. భార్య లైడా, నాలుగు నెలల పాప. కిందటి నెలే లైడాకు బూడిద రంగు కోటు కొని పెట్టి వచ్చింది హెస్టర్.

"ఈ రాత్రే వాళ్లని మార్చేద్దాం సార్."

"మారిస్తే హంతకుడు చెయ్యి జారిపోతాడు. కార్డుకి రెండు వందల మంది చందాదారులు. వాళ్లలో ఒకడు వాడు. ఎవడో కార్డు గుచ్చేవాళ్లకి కూడా తెలీదు. ఇల్మార్ ఇంటి చుట్టూ కాపలా పెడతాను, నాది పూచీ. నువ్వు శుక్రవారం బ్యూరోలోకి వెళ్లి, పోగులు గుచ్చేది ఎవరో చూడు. చూడు, అంతే. దేన్నీ ముట్టుకోకు. ఎవరికీ చెప్పకు. నీ జినెట్‌కి కూడా."

జినెట్ రెనిక్ బ్యూరోలో డిజైనర్. పత్రికల అట్టల మీద మెరిసే అందగత్తె. శత్రువుల ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్ల కబుర్లు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. ఏడాదిన్నర కిందట ఆమెను ఈ పనిలోకి తెచ్చిందీ హెస్టరే. ఈ ఊళ్లోనే కార్ల్‌టన్ పేటలో పుట్టి, ఫ్లిండర్స్ లేన్ దర్జీల కాళ్ల మధ్య పాకుతూ పెరిగానని చెప్పుకునేది. ఏడేళ్ల స్నేహం.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ సందు చివర కాఫీ కొట్టులో కూర్చున్నారు. జినెట్ ముదురు నీలం సూటులో ఉంది.

"ఒసేయ్ హెస్టీ, ఆ ముఖమేంటే? పుల్ల పెరుగు తాగినట్టు."

"నిద్ర లేదు. నీ పని ఎంతదాకా వచ్చింది?"

జినెట్ గొంతు తగ్గించింది. "మా ముసలాడే. మా బ్యూరో పెద్ద, హాలినన్. కార్డు వరస ఆయనొక్కడే గుచ్చుతాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. నీ చీఫ్‌కి చెప్పు, ఆయన్ని పట్టుకుంటే అన్నీ దొరుకుతాయి."

"నిజమేనా?"

"నీతో ఎప్పుడైనా అబద్ధం ఆడానా తల్లీ?" అని కేకు సగం విరిచి, పెద్ద ముక్క హెస్టర్ ప్లేటులో పెట్టింది.

శుక్రవారం ఒంటిగంటకి కలర్ బ్యూరోలోకి కొత్త టీ మనిషి వచ్చింది. బుగ్గల్లో దూది, మందపాటి కళ్లద్దాలు, జుట్టుకు తెల్ల పౌడరు. ఒంటి మీద నీళ్ల టీ రంగు కోటు. తల మీది పౌడరు కన్నా ఆ రంగునే హెస్టర్ ఎక్కువ నమ్మింది. ఆ రంగు వేసుకున్న మనిషిని ఎవరూ రెండోసారి చూడరు, చూసినా గుర్తుపెట్టుకోరు. తోపుడు బండి మీది టీ డ్రమ్ముకు రెండు అరలున్నాయి. కింది దాంట్లో ట్రాన్స్‌మిటర్ ఉంది. చక్కెర అయిపోయిందంటే మనిషి దొరికినట్టు. పాలు విరిగాయంటే ఆ మనిషి మనవాడే అయినట్టు.

బ్యూరో ఆ వారమే సెల్లారు నుంచి ఆరో అంతస్తుకి మారింది. కింద ఇన్నేళ్లూ ట్యూబులైట్ల వెలుగే. ఇక్కడ హాలుకు రెండు వైపులా పెద్ద కిటికీలు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి.

రెండు గంటలకి హాలినన్ తన గదిలోంచి వచ్చి కార్డు వరస గుచ్చాడు. పొడుం మరకల వేస్టుకోటు, వణికే వేళ్లు. ప్రతి పోగునూ దక్షిణపు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లు చిట్లించి చూశాడు. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడు. అటు కిటికీలో గంటకో రకంగా పచ్చని ఎండ పడి రంగును మార్చేస్తుంది. దక్షిణపు వెలుగు ఒక్కతీరుగా ఉంటుంది. ఫ్లిండర్స్ లేన్‌లో పని నేర్చిన ఏ పిల్లయినా, నిద్రలో లేపి గుడ్డ చేతికిచ్చినా, దక్షిణానికే నడుస్తుంది.

హాలినన్ గుచ్చిన వరసను హెస్టర్ చక్కెర వేస్తూ చదివింది. ముదురు నుంచి లేతకు, మెట్టు మెట్టుగా దిగింది. మంచి పాతకాలపు పనితనం. అంకెలుగా చూస్తే అందులో ఏ ఇల్లూ లేదు.

ముసలాయన చుట్ట కాల్చుకోవడానికి వెళ్లాడు. అప్పుడు జినెట్ వచ్చింది.

నవ్వుతూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ, కార్డు మీది పోగులు చకచకా పీకింది. కొత్త పోగులు ఏరుకుంది. ఏరిన వాటిని అరచేతిలో పరుచుకుని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఉత్తరపు కిటికీ వైపు నడిచింది.

హెస్టర్ చేతిలోని కప్పును బండి మీద దించింది.

భూమధ్యరేఖకు అటువైపు, సూర్యుడు దక్షిణంగా నడిచే దేశాల్లోనే రంగులవాళ్లు ఉత్తరపు వెలుగు వెతుక్కుంటారు. చిన్నప్పుడు కాళ్లకు పట్టిన అలవాటు. కార్ల్‌టన్ లేదు, దర్జీల కాళ్ల మధ్య పాకడం లేదు. ఏడేళ్లుగా తన పుట్టినరోజుకు కేకు చేసి తెచ్చిన మనిషి ఎవరో హెస్టర్‌కి తెలియదు.

జినెట్ పోగులు గుచ్చి, మిగతా రెండు వందలూ దాన్ని చూసి గుచ్చేలా, ఆ నమూనా కార్డును పనిపిల్లల బల్ల మీద పెట్టి, "డల్సీ, కానివ్వండి!" అని తన మూలకు వెళ్లిపోయింది. హెస్టర్ బండి తోసుకుంటూ బల్ల పక్కకు వచ్చింది. మొదటి పోగు ఆవ రంగు, అంటే నాలుగు. ఆరో పోగు వంగపూవు రంగు, అంటే తొమ్మిది. దాని పక్కన ఐదోది మీగడ రంగు, అంటే ఒకటి. నలభై రెండో పేజీ, మూడో వరస, ఏడో గడి, పంతొమ్మిదో నంబరు. లైడా గుమ్మం. అంతకు ముందు పోయిన ఇద్దరి ఇళ్లకు కూడా, ఆడవాళ్ల కొలతలు తీసుకోవడానికని, జినెట్‌ను హెస్టరే వెంటబెట్టుకెళ్లింది.

ఆమె డ్రమ్ము మీదికి వంగింది. "పాలు విరిగాయి."

"తెలుసు," అంది ట్రెంబత్ గొంతు.

"తెలుసా?"

"రెండు నెలలైంది. ఇల్లు అదేనని కార్డు చదివే కన్ను కావాలి, అందుకే నిన్ను పంపాను. నీకు చెప్తే ఆ కాఫీ కొట్టులో నీ ముఖమే పట్టించేసేది. కార్డు వెళ్లనీ."

"ఇల్మార్ ఇంటి దగ్గర ఎంతమంది ఉన్నారు?"

హెస్టర్ ఒక కప్పు నింపి మళ్లీ వంగింది.

"సార్, కాపలా ఎంతమంది?"

"కాపలా కనపడితే వాడు రాడు. వచ్చాక పట్టుకుంటాం. కార్డు వెళ్లనీ హెస్టర్, ఇది ఆర్డరు."

మూడు గంటల పది నిమిషాలు. వాడు వచ్చాక, అంటే తుపాకి పేలాక. హెస్టర్ టీ గుడ్డతో బల్ల తుడవడం మొదలెట్టింది. గుడ్డ కింద రెండు గుండుసూదులు ఊడాయి, రెండు దిగాయి. ఆవ రంగు ఐదో చోటికి, మీగడ రంగు మొదటి చోటికి.

పనివాళ్ల పెద్ద డల్సీ కళ్లద్దాలు సర్దుకుని కార్డు మీదికి వంగింది. "ఇదేం చోద్యం! వంగపూవు పక్కన ఆవ రంగా? చూస్తే కళ్లు పోయేలా ఉన్నాయి. మిస్ రెని..."

హాలు ఆ చివర జినెట్ తల తిప్పింది.

"ప్యారిస్‌లో ఈ ఏడు ఇదే కదమ్మా," అంది టీ మనిషి, కప్పులో పాలు పోస్తూ. "జుట్టు కత్తిరించుకోను పోతే పుస్తకంలో చూశా. నాబోటి దానికేం తెలుస్తుంది. మీకు తెలిసే ఉంటుంది."

డల్సీ నోరు మూతపడింది. ఆ సందులో నలభై ఏళ్లుగా పనిచేస్తోంది. దేవుణ్ణి ప్రశ్నించినా ప్యారిస్‌ని ప్రశ్నించిన మనిషి అక్కడ లేడు. పైగా టీ పోసేదానికి తెలిసిన సంగతి తనకు తెలియదని పదిమంది పిల్లల ముందు ఎలా ఒప్పుకుంటుంది?

"ఎందుకు తెలీదు! కిందటి నెలే చదివాను," అంది. తర్వాత గొంతు పెంచింది. "ఏంటర్రా చూస్తున్నారు? గుచ్చండి!"

"ఏంటి డల్సీ?" అని అడిగింది జినెట్.

"ఏం లేదు మిస్. టీ చల్లారిందంటున్నా."

ఇరవై చేతులు కదిలాయి. నాలుగుకి రెండు నిమిషాలుండగా రెండు వందల కవర్ల సంచీ లిఫ్టులో దిగింది. సంచీ పోస్టు బండి ఎక్కేదాకా కిటికీలోంచి చూసి, హెస్టర్ మళ్లీ డ్రమ్ము మీదికి వంగింది.

"పన్నెండో పేజీ, అదే గడి, నలభై తొమ్మిదో నంబరు. అక్కడ ఎవరున్నారో నాకు తెలీదు. వాళ్లని ఖాళీ చేయించి మీ మనుషుల్ని పెట్టండి. ఈసారి నిజంగా పెట్టండి."

"ఏం చేశావ్?"

"ముట్టుకున్నాను."

జినెట్ మెట్ల దగ్గర చేతి తొడుగులు వేసుకుంటోంది. టీ మనిషి బుగ్గల్లోంచి దూది తీయడం చూసి ఆగిపోయింది.

"హెస్టీ," అంది మెల్లగా. "ఏం చూసి పట్టుకున్నావే?"

"ఉత్తరపు కిటికీకి వెళ్లావు."

జినెట్ నవ్వింది, నిజంగానే. "ఏడేళ్లు ట్యూబులైట్ల కింద బతికిపోయాను."

"లైడా పాపని ఎత్తుకున్నావు నువ్వు. నీ భుజం మీద నిద్రపోయింది."

"ఎత్తుకున్నాను." జినెట్ తొడుగు గుండీ పెట్టుకుంది. "నువ్వంటే నాకు ఇష్టమే హెస్టీ. అది నాటకం కాదు."

"అదే నాకు మింగుడు పడటం లేదు," అంది హెస్టర్.

ట్రెంబత్ మనుషులు ఇద్దరు కింది నుంచి మెట్లెక్కి వచ్చారు. జినెట్ చేతులు తనే ముందుకు చాచింది.

సోమవారం పొద్దున్న, ఆ నలభై తొమ్మిదో నంబరులోని మూతపడ్డ లాండ్రీ వెనక తలుపు దగ్గర, తుపాకికి సైలెన్సర్ బిగిస్తూ, కార్డు చందాదారుడైన ఒక బొత్తాల వ్యాపారి దొరికిపోయాడు. అదే సమయంలో లైడా బూడిద రంగు కోటు వేసుకుని పాపను బండిలో తోసుకుంటూ కూరగాయలకు వెళ్లింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ట్రెంబత్ హెస్టర్‌కి మెచ్చుకోలు ఉత్తరం ఒకటి, ఆర్డరు ధిక్కరించినందుకు మెమో ఒకటి, రెండూ ఒకే కవరులో పంపాడు. ఆమె రెండింటినీ చించి, రాజీనామా రాసి, పాత బట్టల దుకాణంలో మళ్లీ చేరింది.

మరుసటి ఏడు జూన్‌లో ఆ దేశపు చలికాలం మొదలైంది. కౌంటరు ముందు ఆడవాళ్లు బారులు తీరారు. ఆవ రంగు కోటు, వంగపూవు రంగు స్కార్ఫు, రెండూ కలిపే కావాలట. మిల్లులు పగలూ రాత్రీ అద్దినా చాలడం లేదు. క్యూలో ముందున్న ఒకావిడ రెండూ ఒంటికి పట్టుకుని అద్దంలో చూసుకుంది.

"బావుంది కదూ? మా ఆయన మొదట వద్దన్నారు. నేనే పట్టుబట్టాను," అంది మిసెస్ ట్రెంబత్. "ఎవరో చెప్తే కొనే రకం కాదమ్మా నేను."

హెస్టర్ బిల్లు రాసి ఇచ్చింది.