గాజుల దెయ్యం

చీకటి పడితే ఆ కూల్‌డ్రింకు ఫ్యాక్టరీ వెనక గోడ పక్కగా ఎవరూ నడిచేవాళ్ళు కాదు. చుట్టు తిరిగైనా సరే, పెద్దరోడ్డు మీదుగానే పోయేవాళ్ళు. లోపల గాజుల చప్పుడు వినిపిస్తుందట... ఎవరో ఆడమనిషి చేతులు ఆడిస్తున్నట్టు, సన్నగా, ఆగి ఆగి. గాజుల దెయ్యం అని పేరు కూడా పెట్టేశారు.

మా బాబాయి ఆ కంపెనీలో లారీ డ్రైవరు. ఇది ఆయన చెప్పగా విన్నదే.

కారు షెడ్డులో, కాలితో తొక్కే ఒక్క మెషీన్‌తో కంపెనీ మొదలుపెట్టారట అయ్యగారు. పోనుపోను ఏ కొట్టు చూసినా ఆ నారింజరంగు డ్రింకే, మెడ దగ్గర ఉబ్బెత్తుగా పిట్టబొమ్మ ఉన్న ఆ సీసాలే. చివరికి ఓ పెద్ద కంపెనీ వచ్చి కొనేసింది — నడపడానికి కాదు, మూసెయ్యడానికి. ఆ సీసాల్లో ఇంకెవరూ ఏదీ నింపి అమ్మకుండా, అన్నిటినీ పోగుచేయించి, వెనక దొడ్లో పరిపించి, లారీతో తొక్కించారు.

తొక్కించింది బాబాయితోనే. కొత్తవాళ్ళు ఆయన ఉద్యోగం తియ్యలేదు మరి. ఫ్యాక్టరీని ఆనుకునే అయ్యగారి మేడ. ఆయన కిటికీలోంచి చూస్తున్నారని తెలిసీ, బాబాయి బండిని ముందుకీ వెనక్కీ నడిపాడు. ఆ తర్వాత అయ్యగారు ఎవరికీ కనబడలేదు.

ఓ వానరాత్రి, సరిగ్గా ఆ గోడ దగ్గరే లారీ టైరు పంచరైంది. మా బాబాయి ధైర్యవంతుడేం కాదు, ఇంట్లో బల్లి కింద పడితే పిన్నిని నిద్రలేపే రకం. కానీ చక్రానికి అడ్డం పెట్టడానికి రాయి కావాలి, రోడ్డు మీద ఒక్కటీ లేదు. చేసేది లేక, విరిగిన గేటు సందులోంచి లోపలికి దూరాడు.

గల్... గల్...

ఆగి విన్నాడు. అది గాజుల చప్పుడు కాదు — గాజుపెంకుల చప్పుడు. ఎవరో వాటిని కెలుకుతున్నారు.

టార్చి వేశాడు. తడిసి ముద్దయిన చీర... ముఖం మీదికి జారిన జుట్టు... వంగి, రెండు చేతులతో కుప్పని తవ్వుతోంది. వేళ్ళ నిండా నెత్తురు.

"లైటు ఆర్పెయ్యి నాయనా... ఎవరైనా చూస్తారు."

అమ్మగారు. అయ్యగారి భార్య.

బాబాయి టార్చి ఆర్పేశాక, ఆవిడే చెప్పుకొచ్చింది.

అయ్యగారికి మతి నిలకడగా లేదట. అన్నం మానేసి, మన డ్రింకు తెమ్మని ఒకటే గొడవట. కలపడం ఆవిడకి కొత్త కాదు, మొదట్నుంచీ కలిపింది ఆవిడే. కానీ గ్లాసులో పోసిస్తే, ఇది మనది కాదని విసిరికొడుతున్నారట. పగలు సీసా వెతకడానికి సిగ్గేసి, రాత్రుళ్ళు వస్తోంది.

"ఒక్కటైనా మిగల్లేదా?" అంది గొంతు తగ్గించి. "అన్నీ తొక్కేశావా?"

బాబాయి తనూ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వసాగాడు. చేతులు కోసుకుపోతున్నా ఆపలేదు. చాలాసేపటికి, గోడ వారగా, చక్రం అందని మూల, బురదలో కూరుకుపోయి ఒకటి దొరికింది. పిట్ట చెక్కుచెదరలేదు.

ఆవిడ దాన్ని మేడలోకి తెచ్చి, వేడినీళ్ళతో కడిగి, నింపి, పైకి తీసుకెళ్ళింది. వెంట వెళ్ళిన బాబాయి గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అయ్యగారు సీసా అందుకుని, పిట్టని బొటనవేలితో తడిమి, చుక్క మిగల్చకుండా తాగారు. అప్పుడు గుమ్మం వైపు చూశారు.

"నువ్వింకా బయల్దేరలేదేం? కొట్లవాళ్ళు ఎదురుచూస్తుంటారు."

బాబాయి నెత్తురు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"లోడు ఎక్కిస్తున్నారండీ," అన్నాడు.