ఆ వేసవి సాయంత్రాలు ఎవరివి

ఆదివారం కొట్టుకు సెలవు. కింద కళ్లజోళ్ల దుకాణం షట్టర్ దించి ఉంది. పై వాటాలో కిటికీ పక్కన కూర్చుని తండ్రి కొత్త మాండలిన్‌తో కుస్తీ పడుతున్నాడు. ఒక తీగ బిగిస్తే ఇంకొకటి వదులవుతోంది. వంటింట్లో టీ వడపోస్తున్న తల్లి ప్రతి మోతకూ కనుబొమలు ముడిచి, మళ్లీ సర్దుకుంటోంది.

"పక్కింటి కుక్క కూడా లేచి వెళ్లిపోయింది నాన్నా," అంది కూతురు టీ అందిస్తూ.

"నవ్వవే, నవ్వు. ఎన్నేళ్లయింది పట్టుకుని. నేను మర్చిపోయినా నా వేళ్లు మర్చిపోవు."

పాత మాండలిన్ ఎప్పుడో చెదల పాలైంది. ఈ కొత్తది కూతురే కొంది, నర్సుగా అందుకున్న మొదటి జీతంతో. నాన్నకు మాండలిన్, అమ్మకు మిక్సీ. ఆ ఇంట్లో నాన్న వేసవి సాయంత్రాల కథ ఆమెకు ఉగ్గుపాలతోనే పట్టారు. ఎండ చల్లబడగానే స్నేహితులంతా సముద్రం ఒడ్డున చేరడం, తడి ఇసుక, నాన్న మాండలిన్, వలలు వదిలేసి వచ్చి నిలబడే పడవలవాళ్లు. "మీ అమ్మ అప్పుడు మా లంబుగాడి పక్కింటి పిల్ల. అలలకు కొట్టుకుపోకుండా మా చెప్పులన్నీ కాపలా కాసేది," అని చివర్లో నవ్వేవాడు. కళ్లజోడు బిగించుకోవడానికి వచ్చినవాళ్లను కూడా ఆ కథ వినిపించకుండా పంపేవాడు కాదు. లోపలి గదిలో అద్దాల అంచులు అరగదీస్తూ తల్లీ వినేది.

ఇప్పుడా స్నేహితులు మళ్లీ కలుస్తున్నారు. వచ్చే వారం, అదే ఒడ్డున.

"నాలుగు రోజులు కొట్టు నువ్వు చూసుకో," అన్నాడు తండ్రి వంటింటి వైపు తిరిగి. "అందరం వెళ్తే ఎలా?"

"సరేలెండి," అంది తల్లి.

అప్పుడే గంట మోగింది. తలుపు తీస్తే గడప మీద తల వంచి నిలబడ్డాడో పొడుగాటి మనిషి. లంబు. ఓడల్లో ఇంజిన్ మెకానిక్‌గా ఊరూరూ తిరిగి ఈ మధ్యే ఉద్యోగం చాలించుకుని వచ్చాడు. తండ్రి లేచి వాటేసుకున్నాడు.

"బావా, జుట్టంతా ఏం చేశావురా, అమ్మేశావా?" అని నవ్వుతూనే లంబు కిటికీ పక్కన పెట్టిన మాండలిన్ చూశాడు. తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "ఏమ్మాయ్, అప్పుడే సాధన మొదలెట్టావా? నువ్వు రావట్లేదని ఈ మహానుభావుడు ఫోన్‌లో అంటే, మరి వాయించేదెవడ్రా, నీ తాతా అన్నాను," అన్నాడు.

తల్లి చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది.

"వాయించేది నేను కదరా," అన్నాడు తండ్రి.

లంబు పడీపడీ నవ్వాడు. "నువ్వా? నువ్వు చెప్పుల కాపలాదారువి. అందులోనూ నాదొకటి పోగొట్టావు." తర్వాత తండ్రి ముఖం చూసి, నవ్వు ఎక్కడ ఆపాలో తెలియనట్టు మెల్లగా ఆపాడు. "బావా, వేళాకోళమే కదా?"

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూస్తోంది. కాదనడం లేదు.

"అమ్మా, ఈయన చెప్పేది నిజమా?"

"నిజమే."

తండ్రి కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. దొంగతనం పట్టుబడ్డ ముఖం కాదది, తన ఇంట్లో తనకు తెలియని గది కనబడ్డ ముఖం. కూతురికి అది చూసే ఎక్కువ భయం వేసింది. నాన్న అబద్ధమాడలేదు. నమ్మాడు.

"మరి ఇన్నేళ్లూ నోరెందుకు విప్పలేదమ్మా? నేను నీకు మిక్సీ కొన్నాను."

"మిక్సీ బాగానే ఉందిగా," అంది తల్లి. నవ్వబోయి మానేసింది. "కాపురానికొచ్చిన కొత్తల్లో అత్తయ్య నా పెట్టెలో మాండలిన్ చూసి ఇదెవరిదంది. మగపిల్లలతో కలిసి ఒడ్డున వాయించే పిల్లని తెలిస్తే ఇంట్లో ఉండనిచ్చేది కాదు. మీ నాన్న అడ్డంపడి, నాదేనమ్మా అన్నారు. ఆ రోజు ఈయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. తర్వాత చుట్టాలడిగినా అదే చెప్పాలి కదా. చెప్పగా చెప్పగా, ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు నాకే చెప్పారు, తను వాయించిన సంగతి. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు."

"అప్పుడైనా అనాల్సింది."

"అనబోయాను. చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎలా వెలిగిపోయేదో నీకూ తెలుసు. పోనీలే అనుకున్నా. పోలేదే అమ్మా. విన్న ప్రతిసారీ నన్నెవరో ఆ ఇసుకలోంచి లేపి చెప్పుల దగ్గర కూర్చోబెట్టినట్టే ఉండేది."

తండ్రి తన ఎడమచేతి చూపుడు వేలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"తీగ కోసింది ఇక్కడ. మంట నాకు గుర్తుంది," అన్నాడు పసివాడిలా. "అది కూడా అబద్ధమా?"

తల్లి చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ముందు కింద కూర్చుంది.

"అబద్ధం కాదండీ. కోసింది నా వేలు. మీరు రోజూ నూనె రాసి ఊదేవారు. మంటకు నేను ఊరుకున్నా మీరు అబ్బా అనేవారు."

ఆయన ఆ వేలు గుప్పిట్లో ముడుచుకున్నాడు. లంబు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మరి నేనక్కడ ఏం చేశాను? చెప్పులేనా?"

"విన్నారు. లంబు అన్నయ్యకు తాళం కొట్టడం మీదే ధ్యాస, తక్కిన వాళ్లకు ఇంటికెళ్లే తొందర. మీరొక్కరే విన్నారు. అందుకే పెళ్లాడాను."

ఆయన తల వంచుకున్నాడు. కన్నీళ్లు మోకాళ్ల మీద పడుతున్నా తుడుచుకోలేదు. చివరికి, "కొట్టు మూసేద్దాం. కొట్టుకొచ్చేవాళ్లకు వాళ్ల అద్దాలు ఆ తర్వాతి వారం ఇద్దాం," అన్నాడు. "నా వంతు అయిపోయింది. ఇకనుంచి నువ్వు చెప్పు. ఆ సాయంత్రాలు ఎలా ఉండేవి?"

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూతురి వైపు చూసింది. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"ముందు గాలి మారేది," అంది తల్లి. "ఉప్పుగాలికి తీగల శ్రుతి దిగిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు, నాకే తెలిసేది."

తండ్రి మధ్యలో మాట కలపలేదు. కళ్లు మూసుకుని వింటున్నాడు.